ఆవకాయ మానక్కరలేదు

తెనాలి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నా ముందున్నది. ఆవిడకు 48 ఏళ్ళు. ఈ మూడేళ్ళలో తొమ్మిది కిలోలు పెరిగారట. "వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. పీటల మీద ఆయాసపడుతూ కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది. అన్నం, నెయ్యి, ఆవకాయ, తీపి అన్నీ ఒక్కసారే మానేశాను. ఎనిమిది రోజులు నిలబడ్డాను. తొమ్మిదోనాడు ఇంట్లో ఎవరూ లేని వేళ జాడీ దించి, గిన్నెడన్నం కలుపుకొని తిన్నాను. ఆ తరువాత ఏడ్చాను. నాకు మనోనిబ్బరం లేదంటారా?" అని అడిగారు.

లేదని నేననను. కడుపు మాడ్చుకొని ఎనిమిది రోజులు ఉండడం సామాన్యమా? ఆవిడ పొరపాటల్లా ఆకలికీ, ఇష్టానికీ ఒకేసారి తాళం వేయడం. అలా వేసిన తాళం ఎవరింట్లోనూ నిలవదు.

నా సంగతి చెబుతాను. "నేను తినేది పిట్టతిండి, ఎందుకిలా లావెక్కుతున్నానో!" అని నేనూ వాపోయినదాన్నే. ఒకరోజు ఒక పని చేశాను. పిల్లల కంచంలో మిగిలిన ముద్ద, గిన్నె అడుగున ఉన్న పప్పు, "ఈ కాస్తా ఎందుకు ఉంచడం" అని నోట్లో వేసుకొనే రెండు వడియాలు, కాఫీతోబాటు చేతికి వచ్చే జంతిక - వీటిలో ఏదీ తినకుండా అన్నీ ఒక గిన్నెలో వేస్తూ వచ్చాను. రాత్రికి గిన్నె నిండింది! లెక్క కడితే 250 కేలరీలకు తక్కువ లేదు. అదంతా నేను రోజూ తింటున్నదే. విస్తరి ముందు కూర్చొని తిన్నది కాదు గనుక, అది తిండి లెక్కలోకి రాలేదు.

రోజుకు 250 కేలరీలంటే నెలకు 7,500. ఒక కిలో కొవ్వు పోవడానికి సుమారు 7,700 కేలరీల తేడా కావాలంటారు. అంటే ఇష్టమైన దేన్నీ మానకుండా, ఆ గిన్నె ఒక్కటీ మానితే మొదట్లో నెలకు కిలో దరిదాపుగా తగ్గవచ్చు. తరువాత శరీరం సర్దుకొంటుంది, తగ్గడం నెమ్మదిస్తుంది. అందుకు దిగులుపడకూడదు.

కొలత మనకు కొత్త కాదు. మన పెద్దవాళ్ళు మనిషికింత అని బియ్యం గిద్దెతో, సోలతో కొలిచి పోసేవారు. మనమిప్పుడు కుక్కరులో చేతివాటంగా పోసి, ఉడికినదంతా ఎలాగో చెల్లిస్తున్నాం. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలున్నాయి. ఉడికితే అది రెండున్నర, మూడు రెట్ల బరువవుతుంది. పొయ్యి మీద పెట్టకముందే కొలిస్తే, వడ్డించేటప్పుడు మనసుతో పోరాడే పని ఉండదు.

నూనె, నెయ్యి సంగతి మరీ ముఖ్యం. పిండిపదార్థానికి గ్రాముకు 4 కేలరీలైతే, కొవ్వుకు 9. ఒక చిన్న చెంచా నెయ్యి 45 కేలరీలు. ముద్దపప్పులో ఆ చెంచాడు నెయ్యి వేసుకోండి, వాసన చూస్తూ తినండి. గరిటెతో వంచుకోవద్దు. నూనెను నెలకు లెక్క కట్టండి. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు అయితే మనిషికి రోజుకు సుమారు 23 గ్రాములు, అంటే 200 కేలరీల పైమాట. మీ ఇంట్లో నాలుగో సీసా, ఐదో సీసా వస్తున్నదా? లావుకు కారణం అక్కడ వెతకండి.

ఇక ఆవకాయ. ఒక ముక్కలో ఉన్న కేలరీలకు భయపడనక్కరలేదు. దాని ఉప్పును మాత్రం మరచిపోకూడదు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ చేసే అసలు అల్లరి ఏమిటంటే, అది ఇంకొక ముద్ద అన్నం అడుగుతుంది! కనుక ముక్కను ముందే కంచంలో వేసుకొని, జాడీ అటక మీదికి చేర్చి, అప్పుడు కూర్చోండి.

మన భోజనంలో కూర అన్నానికి తోడు. దీన్ని కాస్త తిరగవేయాలి. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనశాలే నేటి జాతీయ పోషకాహార సంస్థ. కంచంలో ఇంచుమించు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని వారి సలహా. బీరకాయ, సొరకాయ, తోటకూర వంటివి కొద్ది నూనెతో వండి, అన్నానికి సమంగా వడ్డించుకోండి. కడుపు నిండుతుంది, కేలరీలు పెరగవు. నెమ్మదిగా తినడం కూడా మంచిది. నిండిందన్న కబురు కడుపు నుంచి మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు.

బందరు లడ్డూ తినాలనిపిస్తే ఒకటి పళ్ళెంలో పెట్టుకొని, కూర్చొని తినండి. డబ్బా దగ్గర నిలబడి తిన్నదానికి లెక్కా ఉండదు, రుచీ తెలియదు. పండుగనాడు గారెలు మానవద్దు. ఐదుకు బదులు రెండు.

"మరి మిగిలినది పారేయమంటారా, పాపం కదూ?" అంటారేమో. పారేయవద్దు. రేపటి నుంచి గుప్పెడు తక్కువ వండండి. ఇంకా మిగిలితే ఆలస్యం చేయక ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు పొద్దున బాగా వేడిచేసి పులిహోర కలపండి. అక్కరలేని కడుపులో వేసినా అది వృథాయే.

ఒక హెచ్చరిక. మధుమేహానికి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా అన్నం తగ్గించకూడదు, చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఎదిగే పిల్లలకు ఈ లెక్కలు వర్తించవు. కారణం తెలియకుండా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. నడుము చుట్టుకొలత మన ఆడవారికి 80 సెంటీమీటర్లు, మగవారికి 90 దాటితే జాగ్రత్త పడాలి.

మా అమ్మ మాట చెప్పి ముగిస్తాను. అందరూ తిన్నాక మిగిలినదంతా తానే తినేది. దాన్ని మేము పొదుపన్నాం. అరవైలో చక్కెర జబ్బు వచ్చింది. అప్పుడు ఆవిడకు తీపి పూర్తిగా కట్టిపెట్టాం. ఒక సంక్రాంతినాడు కొట్టుగదిలోకి వెళ్ళి చూస్తే, చీకట్లో, గోడవైపు తిరిగి కజ్జికాయ తింటున్నది. నన్ను చూసి కొంగుతో మూతి తుడుచుకొన్నది. జీవితమంతా మాకు వడ్డించిన మనిషి దొంగలా తినవలసి వచ్చింది. వైద్యుణ్ణి అడిగి, కొలత చూసి, పండుగనాడు అరముక్క అందరి మధ్యా పెట్టి ఉంటే ఏం పోయేది? ఆ ఆలోచన మాకు రాలేదు.

కనుక తెనాలి సోదరీ, జాడీని దాచుకోకండి. ఒక ముక్క వేసుకొని అందరితోబాటు కూర్చోండి. మాఘంలోగా తొమ్మిది కిలోలూ తగ్గకపోవచ్చు, మూడు తగ్గినా మోకాళ్ళు సంతోషిస్తాయి. రేపు ఒక్కరోజు మీరూ ఆ గిన్నె పెట్టి చూడండి. అది ఎంతవరకు నిండిందో నాకు వ్రాయడం మరచిపోవద్దు.