షెరీఫ్‌కి ఓట్లు చాలా, శిక్షణ కూడా కావాలా?

2024 నవంబరు ఎన్నికలకి కొద్దిరోజుల ముందు మా ఆడపడుచు అమెరికా నుంచి ఫోన్ చేసింది. వాళ్ళుండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి దగ్గర. పౌరసత్వం వచ్చాక వేయబోయే మొదటి ఓటు. అధ్యక్షుడి దగ్గర తనకేమీ సందేహం లేదుట. ఆ కింద పేర్లన్నీ చదువుకుంటూ వచ్చి ఒకచోట ఆగిపోయిందిట.

“వదినా, ఇక్కడ పోలీసు పెద్దకి కూడా మనమే ఓటెయ్యాలిట! ఎస్పీగారికి ఎలక్షనేమిటి?” అంది.

నాకూ నవ్వొచ్చింది. మన దగ్గర ఎస్పీ అయ్యే ఆఫీసరు దేశమంతటితో పోటీపడి పరీక్ష రాసి, మన హైదరాబాదులోని నేషనల్ పోలీస్ అకాడెమీలో శిక్షణ పొంది, ఆ తర్వాతే జిల్లాకి వస్తారు. అక్కడేమో గోడల మీద పోస్టర్లు, ఇంటింటి ప్రచారం, ఓట్ల లెక్కింపు! ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు పోయింది. ఏ అర్ధరాత్రో మా ఆడపడుచు భయపడి 911కి ఫోన్ చేస్తే వాళ్ళ ఇంటికొచ్చేది ఈ షెరీఫ్ మనుషులే. మరి ఆ షెరీఫ్‌కి పోలీసు పని వచ్చో రాదో ఎవరు చూస్తారు? ఓట్లు పడితే చాలా? అమెరికాలో ఎన్నో ఏళ్ళుగా జరుగుతున్న వాదన ఇదే. మన పిల్లలు వేలమంది అక్కడ కాపురాలు చేస్తున్నారు కనుక మనమూ ఓసారి ఆలోచించాల్సిందే.

అసలు ఈ షెరీఫ్ ఎవరు?

ఈ పదవి ఇంగ్లండులో పుట్టింది. 1066లో నార్మన్లు రాకముందు నుంచే రాజుగారి తరఫున జిల్లా వ్యవహారాలు చూసే అధికారి ఉండేవాడు. ఆ అధికారి పేరే అరిగి అరిగి షెరీఫ్ అయింది. తెల్లవాళ్ళు వెళ్ళిన చోటికల్లా దాన్ని తీసుకెళ్ళారు. బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లోనూ షెరీఫ్ ఉండేవారు. అయితే మన దగ్గర అది అధికారం లేని గౌరవ పదవి. మద్రాసులో 1998లో దాన్ని ఎత్తేశారు కూడా.

అమెరికాలో అలా కాదు. రాజులు నియమించినవాడు మనకొద్దు, మనల్ని కాపాడేవాణ్ణి మనమే ఎన్నుకుంటాం అన్నారు వాళ్ళు. ఇప్పుడు అక్కడ దాదాపు మూడు వేలమంది షెరీఫులున్నారు. అలాస్కా, హవాయి, రోడ్ ఐలండ్, కనెక్టికట్ తప్పిస్తే మిగతా రాష్ట్రాల్లో దాదాపు అందరూ ఓట్లతో వచ్చినవాళ్ళే. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. నగరాలకి వేరే పోలీసు చీఫ్ ఉంటారు. ఆ చీఫ్ సరిగా పనిచేయకపోతే మేయరో, నగర పాలకులో తీసేస్తారు. షెరీఫ్‌ని అలా తీసెయ్యడం చాలాచోట్ల కుదరదు. మళ్ళీ ఎన్నికలు వచ్చేదాకా ఆగాల్సిందే.

ఇక షెరీఫ్ పనులు చూడండి. నగరం హద్దులు దాటిన ఊళ్ళలో గస్తీ తిరగడం, కోర్టుకి కాపలా, సమన్లు అందించడం, అద్దె కట్టనివాళ్ళని ఇల్లు ఖాళీ చేయించడం, అన్నిటికన్నా ముఖ్యంగా కౌంటీ జైలు నడపడం. ఆ జైళ్ళలో ఉండేవాళ్ళలో ఎక్కువమంది నేరం ఇంకా రుజువు కానివాళ్ళే. బెయిలు డబ్బు కట్టలేక ఉండిపోయినవాళ్ళూ ఎందరో. భర్త కొడుతున్నాడని ఒకావిడ కోర్టుకెళితే, ఆమె దగ్గరికి వెళ్ళకూడదని జడ్జి ఇచ్చే ఉత్తర్వుని ఆ భర్త చేతికిచ్చి రావడం కూడా చాలాచోట్ల షెరీఫ్ ఆఫీసు పనే. ఆ కాగితం ఒకరోజు ఆలస్యమైతే ఆ ఒక్కరోజులో ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

విడ్డూరం ఏమిటంటే, షెరీఫ్ కింద పనిచేసే డిప్యూటీలకి శిక్షణ ఉండాలి, సర్టిఫికెట్ ఉండాలి. పైన కూర్చునే షెరీఫ్‌కి మాత్రం కొన్ని రాష్ట్రాల్లో వయసు, నివాసం, ఓటు హక్కు ఉంటే చాలు.

భర్త పోతే భార్యకి పదవి

ఈ పదవిలోకి మొదట్లో వచ్చిన ఆడవాళ్ళ కథ కొంచెం వేరు. షెరీఫ్‌గా ఉన్న భర్త మధ్యలో చనిపోతే, మిగిలిన కాలానికి ఆయన భార్యని కూర్చోబెట్టడం అక్కడి ఆనవాయితీ. కుటుంబానికి జీతం వస్తుందన్న జాలి కొంత, అసలు పని ఎలాగూ మగ డిప్యూటీలే చేస్తారన్న ధీమా కొంత. మన ఊళ్ళలో సర్పంచి భార్యలని చూసిన వాళ్ళకి ఇది కొత్తగా ఉండదు.

ఇండియానా రాష్ట్రంలో లిలియన్ హోలీ అలాగే వచ్చింది. 1933లో ఆమె భర్త విధి నిర్వహణలో కాల్పుల్లో పోయాడు. 1934 మార్చి 3న పేరుమోసిన బ్యాంకు దొంగ జాన్ డిలింజర్ ఆమె జైలు నుంచి పారిపోయాడు. కొయ్య తుపాకీ చూపించి బెదిరించాడని అంటారు. పోతూపోతూ ఆమె కారులోనే పోయాడు! కాపలాగా ఉన్న మగవాళ్ళు అంతమంది ఏంచేశారని అడిగినవాళ్ళు తక్కువ, ఆడదాని చేతికి జైలిస్తే ఇంతే మరి అని నవ్వినవాళ్ళు ఎక్కువ.

1936లో కెంటకీలో ఫ్లారెన్స్ థాంప్సన్ సంగతి ఇంకా కష్టం. భర్త పోయిన కొద్దినెలలకే ఒక ఉరిశిక్ష అమలు చేయాల్సిన బాధ్యత ఆమె మీద పడింది. నలుగురు పిల్లల తల్లి. ఆడమనిషి ఉరి తీస్తుందట చూద్దాం అని వేలమంది జనం, పత్రికలవాళ్ళు పోగయ్యారు. మీట నేను లాగుతానని ఒక మాజీ పోలీసు ముందుకొచ్చాడు. తీరా ఆ రోజు తాగి వచ్చాడు! అమెరికాలో బహిరంగంగా తీసిన చివరి ఉరి అదే. శిక్షణ లేని ఆవిడ తన స్థానంలో నిలబడింది, పోలీసు ఉద్యోగం చేసొచ్చినవాడు సరిగా నిలబడలేకపోయాడు.

న్యూ ఆర్లీన్స్ జైలు తలుపు

అలాగని శిక్షణ దండగ అనగలమా? ఇటీవలి సంగతి చూడండి. లూసియానాలోని న్యూ ఆర్లీన్స్‌లో 2021 డిసెంబరులో సుసాన్ హట్సన్ షెరీఫ్‌గా గెలిచింది. ఆ రాష్ట్రంలో షెరీఫ్ అయిన మొదటి నల్లజాతి మహిళ. వృత్తిరీత్యా లాయరు. పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులని స్వతంత్రంగా పరిశీలించే ఉద్యోగం చేసింది కానీ పోలీసు ఉద్యోగం చేయలేదు. జైలుని మనుషులుండే చోటుగా మారుస్తానని చెప్పి గెలిచింది. ఆమెకి ముందున్న షెరీఫూ లాయరే. ఆయన కాలంలోనే, 2013లో, ఆ జైలు పరిస్థితి కోర్టు పర్యవేక్షణ దాకా వెళ్ళింది.

2025 మే 16 అర్ధరాత్రి దాటాక ఆ జైలులోంచి పదిమంది పారిపోయారు. తాళం సరిగా పడని తలుపు తోసి, మరుగుదొడ్డి వెనక గోడకి కన్నం పెట్టుకుని వెళ్ళారు. భలే సులువు అని గోడమీద రాసి మరీ పోయారు! ఆ సమయానికి కనిపెట్టి చూడాల్సిన ఉద్యోగి ఏదో తినడానికి పక్కకి వెళ్ళారట. పొద్దున్న ఎనిమిదిన్నర లెక్క దాకా ఎవరూ గమనించలేదు. వాళ్ళలో హత్య కేసులున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాళ్ళు ప్రాణాలరచేత పెట్టుకుని ఇళ్ళు వదిలి వెళ్ళాల్సొచ్చింది.

తాళాలు పాడయ్యాయి, డబ్బివ్వండి అని అడుగుతూనే ఉన్నానని హట్సన్ చెప్పింది. అందులో నిజం ఉంది. కానీ తాళం పాడని తెలిసినప్పుడు అక్కడ మనిషిని కూర్చోబెట్టాలి కదా? ఇంటి తలుపు గడియ ఊడితే వడ్రంగి వచ్చేదాకా మనం బల్ల అడ్డం పెట్టుకుని పడుకుంటాం. పదిమందీ మళ్ళీ దొరికారు, చివరివాడు అక్టోబరులో. ఆ అక్టోబరులోనే జరిగిన ఎన్నికలో హట్సన్ ఓడిపోయింది. గెలిచింది కూడా మహిళే, మిషెల్ వుడ్‌ఫోర్క్. ఆమె ఆ నగర పోలీసు శాఖకి కొంతకాలం తాత్కాలిక చీఫ్‌గా చేసిన అధికారి. జనం ఈసారి మంచి ఉద్దేశాలతో పాటు పని తెలిసిన చెయ్యి కావాలనుకున్నారు.

అనుభవం ఉన్నవాళ్ళు చేసిందేమిటి?

ఇక్కడితో ఆపితే తీర్పు తేలికే. కానీ రెండో వైపు చూస్తే తల తిరుగుతుంది.

అరిజోనాలోని మారికోపా కౌంటీకి జో అర్పాయో 1993 నుంచి 24 ఏళ్ళు షెరీఫ్. అంతకుముందు పోలీసుగా, మాదకద్రవ్యాల నిరోధక శాఖ అధికారిగా ఎన్నో ఏళ్ళు చేసినవాడు. శిక్షణకి లోటేముంది? ఎండలో గుడారాల జైలు పెట్టి, ఖైదీలకి గులాబీరంగు లోదుస్తులు తొడిగి ‘కఠినమైన షెరీఫ్’ అనిపించుకున్నాడు. వలసవచ్చినవాళ్ళ వేటలో రంగు చూసి జనాన్ని ఆపుతున్నారని 2013లో కోర్టు తేల్చింది. 2017లో కోర్టు ధిక్కారం కింద నేరం రుజువైతే అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు. వీటికి మించి నా మనసు కలిచింది ఇంకొకటి. 2005 నుంచి 2007 వరకు ఆయన ఆఫీసుకి వచ్చిన లైంగిక నేరాల ఫిర్యాదుల్లో నాలుగు వందలకి పైగా సరైన దర్యాప్తు లేకుండానే ఉండిపోయాయి. చిన్నపిల్లల మీద జరిగినవీ అందులో ఉన్నాయి. పోలీసు పని రాక జరిగిందా ఇది? ఆడపిల్లల కేసులు ముఖ్యం అనిపించక జరిగింది.

లాస్ ఏంజెలెస్ షెరీఫ్ లీ బాకా 1965లో ఆ శాఖలో చేరి మెట్టుమెట్టు ఎక్కినవాడు. డాక్టరేటు కూడా ఉంది. జైళ్ళలో ఖైదీలని కొడుతున్నారన్న విషయం మీద జరిగిన దర్యాప్తుని అడ్డుకున్నందుకు 2017లో ఆయనకి మూడేళ్ళ జైలుశిక్ష పడింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకా చిత్రం. అక్కడ మైకేల్ హెన్నెసీ అనే లాయరు 1979లో గెలిచి 32 ఏళ్ళు షెరీఫ్‌గా ఉన్నాడు. పోలీసు కాదు, ఖైదీల తరఫున పనిచేసినవాడు. ఆయన కాలంలో, 1997లో, హింస చేసి జైలుకొచ్చిన మగవాళ్ళకి ఆ బుద్ధి మార్చే కార్యక్రమం మొదలైంది. భార్యలని కొట్టినవాళ్ళు కూర్చుని తామేం చేశారో నోటితో ఒప్పుకోవాలి, దెబ్బతిన్నవాళ్ళ మాటలు వినాలి. అందులో ఎక్కువకాలం ఉన్నవాళ్ళు మళ్ళీ హింస కేసుల్లో పట్టుబడటం తగ్గిందని పరిశోధకులు తేల్చారు. 2003లో జైలు ఖైదీల కోసం బడి కూడా పెట్టారు. ఈలోగా కాలిఫోర్నియా చట్టం మారింది. 1989 నుంచి షెరీఫ్‌గా పోటీచేయాలంటే శాంతిభద్రతల రంగంలో సర్టిఫికెట్టో అనుభవమో ఉండాలి. హెన్నెసీ తర్వాత ఆ అర్హతలతో గెలిచిన రాస్ మిర్కరిమి భార్యతో గొడవ కేసులో 2012లో నేరం ఒప్పుకుని, 52 వారాలు గృహహింస తరగతులకి వెళ్ళాల్సి వచ్చింది! ఆ తర్వాత 2015లో ఆయన్ని ఓడించిన విక్కీ హెన్నెసీ ఆ శాఖలోనే ఏళ్ళతరబడి పనిచేసిన మహిళ. మైకేల్ హెన్నెసీ లాంటివాడు ఈ రోజు కాలిఫోర్నియాలో నామినేషన్ కూడా వెయ్యలేడు.

కంచె ఎక్కడ వెయ్యాలి?

అందుకే నాకు అనిపిస్తుంది, శిక్షణ తప్పకుండా ఉండాలి, కానీ అది పోటీకి ముందు కంచెలా కాకుండా గెలిచాక విధిగా ఉండాలి. ముందే కంచె వేస్తే షెరీఫ్‌ని నిలదీయగలిగేది ఆ శాఖలో పెరిగినవాళ్ళు మాత్రమే అవుతారు. సొంత ఆఫీసు తప్పులని సొంత ఉద్యోగి ఎంతవరకు బయటపెడతాడు? అక్కడ ఇప్పటికీ షెరీఫుల్లో ఆడవాళ్ళు బహు కొద్దిమంది. డిప్యూటీల్లోనే ఆడవాళ్ళు తక్కువైతే, వాళ్ళలోంచే షెరీఫ్ రావాలంటే ఇంకెంతమంది మిగులుతారు?

మనకీ ఈ ముచ్చట తెలిసిందే. చదువు లేనివాళ్ళు సర్పంచి పదవికి పోటీచేయకూడదని హర్యానాలో చట్టం చేస్తే 2015లో సుప్రీంకోర్టు సరేనంది. రాజస్థాన్ అలాంటి నిబంధన పెట్టి 2019లో తీసేసింది. ఆ కంచెకి ముందు తగిలేది చదువుకోనివ్వని ఆడవాళ్ళే. అయితే సర్పంచి చేతిలో తుపాకీ లేదు, జైలు తాళంచెవి లేదు. షెరీఫ్ చేతిలో రెండూ ఉన్నాయి. అందుకే గెలిచాం కదా, ఇంక నేర్చుకునేదేమిటి అంటే ఒప్పుకోలేం.

మా ఆడపడుచుండే జార్జియా పద్ధతి నాకు నచ్చింది. అక్కడ షెరీఫ్ పోలీసు సర్టిఫికెట్ ఉన్న మనిషైనా కావాలి, లేదా పదవిలోకి వచ్చిన ఆరునెలల్లో అది తెచ్చుకోవాలి. దానికి తోడు ఉత్తర కరోలినా వాళ్ళు 2010లో చేసినట్టు, ఘోరనేరాలు రుజువైనవాళ్ళు షెరీఫ్ కాకూడదన్న కట్టుబాటు అన్నిచోట్లా ఉండాలి. జైలుని బయటివాళ్ళు వచ్చి తనిఖీ చేసే ఏర్పాటు, తప్పు చేస్తే నాలుగేళ్ళు ఆగకుండా తొలగించే దారి కూడా ఉండాలి. శిక్షణ అనేది తాళం వెయ్యడం నేర్పుతుంది. ఎవరి మీద వెయ్యాలి, ఎవరి ఫిర్యాదు ముందు వినాలి అన్న బుద్ధిని నేర్పాలంటే పైన ఇంకొక కన్ను ఉండాల్సిందే.

ఇదంతా మా ఆడపడుచుకి చెప్పి, మూడు ప్రశ్నలు అడగమన్నాను. మీ జైల్లో పోయిన ఏడాది ఎంతమంది చనిపోయారు, ఎందువల్ల? ఆడవాళ్ళ ఫిర్యాదుల్లో ఎన్ని కోర్టు దాకా వెళ్ళాయి? మీరు ఆఖరుసారి శిక్షణకి ఎప్పుడెళ్ళారు?

“ఇవి అడిగితే ఏమనుకుంటారో వదినా” అంది మొదట. తర్వాత తనే వాళ్ళ వీధిలో నలుగురు తెలుగు ఆడవాళ్ళని కూడగట్టి షెరీఫ్ ఆఫీసుకి ఉత్తరం రాసింది. రెండిటికి జవాబొచ్చిందిట, ఆడవాళ్ళ ఫిర్యాదుల ప్రశ్నకి రాలేదుట. ఎన్నికలైపోయినా దాన్ని వదలలేదు, మళ్ళీ రాసింది.

మీ అమ్మాయో కోడలో అక్కడుంటే ఈసారి ఫోన్లో కూరలు, పిల్లల చదువులు అయ్యాక ఒక్కమాట అడగండి. మీ షెరీఫ్ పేరేమిటమ్మా అని. తెలియదంటే తెలుసుకోమనండి.