రాత్రి ఆకలి, రహదారి పక్క ఉప్పు

విశ్వవిద్యాలయ విద్యార్థుల ఫాస్ట్‌ఫుడ్ అలవాటు ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా పెద్దలు వారి నాలుకను నిందించడం పరిపాటి. "ఈ కాలం పిల్లలకు ఇంటి తిండి రుచించదు" అన్న మాట మీరు వినే ఉంటారు. బహుశా అనే ఉంటారు. ఆ మాటతో నేను ఏకీభవించను. నా దృష్టిలో ఇది రుచికి సంబంధించిన సమస్య కన్నా వేళకు సంబంధించిన సమస్య.

మన ఉత్తరాంధ్రనే చూడండి. ఎచ్చెర్లలో జాతీయ రహదారి పక్కన 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉన్నది. ఆ మండలంలోనే ట్రిపుల్ ఐటీ ప్రాంగణం ఉన్నది. పదవ తరగతి ముగించిన పిల్లలు ఆరేళ్లు అక్కడే ఉండి చదువుకుంటారు. విజయనగరం వైపు జె.ఎన్.టి.యు. గురజాడ, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. వసతిగృహాల్లో రాత్రి భోజనం సాధారణంగా ఎనిమిది గంటల ప్రాంతంలో ముగుస్తుంది. చదువో, ఫోనో, కబుర్లో, విద్యార్థి నిద్రపోయేసరికి ఒంటిగంట దాటుతుంది. నడుమ వేసే ఆకలి నిజమైన ఆకలే. ఆ వేళకు దొరికేది బండి మీది నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా మాత్రమే. ఆలస్యంగా తిని పడుకున్నవానికి ఉదయం ఆకలి ఉండదు. టిఫిన్ మానివేస్తాడు. పదకొండు గంటలకు పఫ్, టీ. మధ్యాహ్నం సగం భోజనం. ఇట్లు చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టేది నూనె కాదు, ఉప్పు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే సుమారు 2 గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. దానిమీద చిల్లీ సాస్, అజినోమోటో, విడిగా వేసే ఉప్పు చేరుతాయి. ప్యాకెట్ నూడుల్స్ కొన్నప్పుడు వెనుక ముద్రించిన సోడియం అంకెను చూసి, దానిని రెండున్నరతో హెచ్చవేయండి. అదే మీరు తింటున్న ఉప్పు. ఆ లెక్కను ఒక్కసారి చేసి చూసినవారు మసాలా పొట్లాన్ని పూర్తిగా వేయడానికి సంకోచిస్తారు. న్యాయంగా మాట్లాడాలి గనుక మరొకటి చెబుతాను: మన ఆవకాయ, మన తీరంలోని ఎండుచేపలు కూడా ఉప్పు విషయంలో తక్కువేమీ తినలేదు. ఇంట్లో వాటికి అలవాటుపడిన నాలుకకు బండి మీది ఉప్పు ఎక్కువ అనిపించదు.

ఉప్పు గురించి ఇంతగా చెప్పడానికి మన జిల్లాలో ప్రత్యేక కారణం ఉన్నది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల పేర్లు వినగానే మూత్రపిండాల వ్యాధి గుర్తుకు రాని తెలుగువారు అరుదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఉద్దానం వ్యాధికి కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. ఫాస్ట్‌ఫుడ్ వలన అది వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి; నూడుల్స్ పేరు వినని రైతులను, కూలీలను ఆ వ్యాధి బలితీసుకున్నది. నేను చెప్పదలచింది వేరు. ఇప్పటికే మూత్రపిండాల శక్తి కొంత తగ్గి ఉన్న మనిషికి రక్తపోటు తోడైతే నష్టం త్వరగా జరుగుతుంది. ఆ తగ్గుదల మొదట్లో ఏ లక్షణమూ చూపదు. ఉద్దానం కుటుంబాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలు ఇరవై ఏళ్ల వయసులో తమ రక్తపోటు ఎంతో తెలియకుండా రోజూ ఉప్పుతిండి తినడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

దీనికి తోడు మరొక దురలవాటు. వేళతప్పిన తిండితో, నిద్రలేమితో తలనొప్పి వస్తుంది. దానికి మందుల దుకాణంలో డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర. ఆ మాత్రతో కడుపులో మంట, దానికి పాంటాప్రజోల్. రెండూ చీటీ లేకుండానే చేతికి వస్తాయి. నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తప్రసరణను తగ్గిస్తాయి. ఎండలో తిరిగి, నీళ్లు తక్కువ తాగిన రోజున వేసుకుంటే ప్రమాదం మరింత ఎక్కువ.

"నేను సన్నగా ఉన్నాను కదా" అని మీరు అనవచ్చు. భారతీయులలో చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్టలో కొవ్వు చేరే తత్త్వం ఎక్కువ. అందుచేత బరువు యంత్రం కన్నా టేపు మంచి సాక్షి: నడుము చుట్టుకొలత మీ ఎత్తులో సగం మించరాదు. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నదని 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం అంచనా వేసింది. ఇక ఆడపిల్లల సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. మైదాతో కడుపు నింపి, వెంటనే టీ తాగితే ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది?

ఎర్రని మంచూరియా రంగును గురించి ఒక్క మాట. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. పట్టాలకు అద్దే రంగు పొట్టలోకి ఎందుకు? రంగు వేయవద్దని బండివానితో చెప్పండి, వేయడు. అతడు మీ శత్రువు కాడు. మీరు అడిగినదే చేస్తాడు.

ప్రాంగణాల్లో జంక్‌ఫుడ్ అమ్మరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016 నవంబరులో ఒకసారి, 2018 ఆగస్టులో మరొకసారి లేఖలు రాసింది. ప్రాంగణంలో నిషేధిస్తే గేటు బయట బండి నిలుస్తుంది, అంతే. పాఠశాలల విషయంలో గేటు నుంచి 50 మీటర్ల నియమమైనా ఉన్నది. నిషేధం కన్నా మెస్‌ను రాత్రి పదిన్నర దాకా తెరిచి ఉంచడం మేలని నా అభిప్రాయం. ఉడికించిన గుడ్డు, శనగ గుగ్గిళ్లు, అరటిపండు, మజ్జిగ చాలు. వీటికి వంటవాడు రాత్రంతా మేలుకోనక్కరలేదు. ఏడాదికి రెండుసార్లు ప్రతి విద్యార్థికీ రక్తపోటు, ఉద్దానం ప్రాంతం వారికి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించడం విశ్వవిద్యాలయాలకు పెద్ద భారం కాదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పండుగకు వచ్చి వెళ్లే పిల్లల సంచిలో జంతికలు, ఆవకాయ సీసాతోపాటు రెండు కిలోల చోడిపిండి పెట్టండి. రాగులను మనం చోళ్లంటాము. చోడి అంబలి తాగి పొలానికి వెళ్లినవారు మన తాతలు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన చోడి వంగడాలకు చంపావతి, వేగవతి అని మన నదుల పేర్లే పెట్టారు. అటువంటి పంట మన పిల్లల గదుల్లో కనిపించకపోవడం విచిత్రమే. జావ కాచడం కష్టమేమీ కాదు. రెండు చెంచాల పిండిని ముందుగా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నీటిలో పోసి, ఐదారు నిమిషాలు కలియబెట్టాలి. గదుల్లో కెటిల్‌ను అనుమతించని వార్డెన్లు మెస్‌లో ఒక పొయ్యిని విద్యార్థులకు విడిచిపెడితే సరిపోతుంది. జావ చల్లారాక మజ్జిగ పోసుకోండి. ఉల్లిపాయ నంజుకుంటే ఉప్పు చిటికెడు చాలు.