తీగ మార్చిన గృహస్థుడు

1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు ద్వారములు తెరచిన నాడు, ఆ సౌకర్యమును జనులకొసగువారు ఒక్కరే. నచ్చిననేమి, నచ్చకున్ననేమి, వారినే ఆశ్రయింపవలసి యుండెను. 1998వ సంవత్సరమున ప్రైవేటు కంపెనీలకు అనుమతి లభించుటతో ఆ గుత్తాధిపత్యము తొలగెను. నేడు మన పట్టణములలో ఒక్కొక్క స్తంభమునకు పలు కంపెనీల తీగలు వ్రేలాడుచున్నవి. ధర హెచ్చినను, వేగము తగ్గినను, గృహస్థుడు ఒకరిని విడిచి మరియొకరిని చేరవచ్చును. ఇది సంతోషింపదగిన విషయమే. కాని మారుటకు స్వేచ్ఛ లభించినంత మాత్రమున, మారిన పిమ్మట సుఖము లభించుచున్నదా?

చేతి ఫోను విషయమున 2011వ సంవత్సరము జనవరి 20వ తేదీ నుండి దేశమంతటను నంబరు మారకయే కంపెనీని మార్చుకొను ఏర్పాటు కలదు. ఇంటి తీగకు అట్టి మార్గము లేదు. తీగ క్రొత్తది, గోడకు బిగించు పెట్టె క్రొత్తది, ప్రవేశమునకు వలయు పేరును రహస్యపదమును క్రొత్తవి. ఈ మూటిలో ఏ ఒక్కటి పొసగకున్నను ఇల్లంతయు మూగవోవును. హాల్ టికెట్టు తీసికొనవలసిన విద్యార్థియు, ఇంటనుండియే ఉద్యోగము చేయు కుమార్తెయు, దూరదేశమున నున్న కొడుకు ముఖము చూడగోరు తల్లియు ఒక్కమారుగా చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

ఇటీవల మా కార్యాలయముననే ఈ యనుభవము కలిగినది. క్రొత్త కంపెనీవారు ఒక యుదయమున వచ్చి, తీగ లాగి, పెట్టె బిగించి, సొమ్ము పుచ్చుకొని వెళ్లిరి. దీపములన్నియు పచ్చగనే వెలుగుచుండెను. పుట యొక్కటియు తెరువబడలేదు. పాత కంపెనీ నడుగగా, ‘మీరు మా ఖాతాదారులు కారు’ అనిరి. క్రొత్తవారి నడుగగా, ‘మా వైపు సర్వము సరిగా నున్నది, మీ రౌటరు చెడినది, వేరొకటి కొనుడు’ అనిరి. రెండు దినములు పని స్తంభించెను. మూడవ దినమున మా సహాయకుడొకడు రౌటరు అమరికలను తెరచి చూడగా, అది పాత కంపెనీ యిచ్చిన పేరుతోనే క్రొత్త కంపెనీ తలుపు తట్టుచుండెను! మూడు మారులడిగిన పిమ్మట క్రొత్త పేరును రహస్యపదమును దొరకినవి. వానిని చేర్చిన నిమిషముననే సర్వము నడిచెను. చెడినది యంత్రము కాదు. మాకు తెలియనిది ఒక్క పేరు మాత్రమే.

కావున మా పాఠకులు వరుసక్రమమున పరీక్షించుట నేర్వవలెనని మా కోరిక. మొదట ఫైబరు పెట్టెపై దీపములను చూడవలెను. ‘పాన్’ అను దీపము నిలుకడగా వెలిగినచో వీథినుండి కాంతి వచ్చుచున్నదని యర్థము. ‘లాస్’ అను దీపము ఎర్రగా మెరసినచో కాంతి రాలేదు. ఫైబరు గాజుపోగు గాన, తలుపు సందున నలిగినను, మూలకు గట్టిగా మడచినను వెలుగు జారిపోవును. మడత సవరించినను ఫలింపనిచో, అది కంపెనీ పని. ఊడిన ఫైబరు కొనను మాత్రము కంటికెదురుగా పెట్టుకొని చూడరాదు. అందుండి వచ్చు కిరణము కనబడదు గాని కంటికి హాని చేయగలదు.

దీపము సరిగా నున్నచో, రెండవది ప్రవేశము. కొందరు పేరు, రహస్యపదము అడుగు పీపీపీఓఈ పద్ధతిని, మరికొందరు అవి లేకయే చిరునామా నొసగు డీహెచ్‌సీపీ పద్ధతిని అవలంబింతురు. వీలాన్ సంఖ్యను కోరువారును గలరు. తమ కంపెనీది ఏ పద్ధతియో యడిగి తెలిసికొనవలెను. కొన్ని కంపెనీలు మొదట తగిలించిన యంత్రము గుర్తునే పట్టుకొని యుండును గనుక, రౌటరు మార్చినచో వారికి తెలుపవలెను.

మూడవది, ఒకే ఇంట ఇద్దరు యజమానులు. కంపెనీ పెట్టెయు పాత రౌటరును రెండును 192.168.1.1 అను చిరునామానే వహించి, రెండును చిరునామాలు పంచబూనినచో తగవు తప్పదు. పాతదానిని వైఫై పంచు పనికి మాత్రమే నియమించి, వేరు చిరునామా నీయవలెను. నాలుగవది, పేర్ల పట్టిక. 1.1.1.1 వంటి అంకెల చిరునామా పలుకుచు, పేరు పెట్టి పిలిచిన స్థలములు పలుకనిచో, లోపము డీఎన్ఎస్‌లో నున్నదని గ్రహింపవలెను. రౌటరులో పాత కంపెనీ డీఎన్ఎస్ చిరునామా మిగిలియున్నచో, దానిని తీసివేసి 8.8.8.8 చేర్చిన చాలును.

వేగము తక్కువైనచో వైఫైని నిందింపకమునుపు తీగ తగిలించి కొలువవలెను. పాత రౌటరు రంధ్రము 100 మెగాబిట్లకు మించి మోయలేనిదైనచో, 300కు సొమ్ము చెల్లించినను 100కు మించి రాదు. ఎనిమిది బిట్లు ఒక బైటు గాన, 100 మెగాబిట్ల తీగపై సెకనుకు పండ్రెండు మెగాబైట్లు దిగుచున్నచో అది మోసము కాదు, సరియైన కొలతయే.

ఇంతచేసినను ఫలింపనిచో ఫిర్యాదు చేయవలెను. నోటిమాటతో గాక, ఫిర్యాదు సంఖ్యతో. ట్రాయి వారి 2012వ సంవత్సరపు నిబంధనల ననుసరించి ప్రతి ఫిర్యాదునకును సంఖ్య నీయవలెను. దానితో తృప్తి చెందనివారు ఆ కంపెనీయందే గల అప్పీలు అధికారికి రుసుము లేకుండ విన్నవించుకొనవచ్చును. ఈ హక్కు నెరిగినవారు మన ఊళ్లలో ఎందరు? ‘చూచెదము, పంపెదము’ అను మాటలకు లోబడి వారములు గడపువారే ఎక్కువ.

కంపెనీలకు మా విన్నప మొక్కటే. తీగ బిగించిన దినముననే ప్రవేశపు పేరు, రహస్యపదము, పద్ధతి, వీలాన్ సంఖ్య, ఫిర్యాదు చేయు నంబరు తెలుగున వ్రాసి గృహస్థుని చేతికీయుడు. ఇంటి తాళపుచెవిని ఇల్లు కట్టిన మేస్త్రి దాచుకొనుట యెట్టి న్యాయము? ట్రాయి వారు దీనిని నిబంధనగా చేయుట యుచితమని మా యభిప్రాయము.

పాఠకులకును ఒక మాట. క్రొత్త తీగ ఒక వారము చక్కగా నడచువరకు పాతదానిని తెంపకుడు. పాత పెట్టె తిరిగి యిచ్చునపుడు రసీదు పుచ్చుకొనుడు; లేనిచో ధరావతు సొమ్మునకు ఆధారముండదు. వర్తకుని మార్చుట స్వేచ్ఛకు మొదటి మెట్టు మాత్రమే. తన ఇంటి యంత్రము తనకెందుకు పలుకుటలేదో తాను తెలిసికొనగలిగిన నాడే ఆ స్వేచ్ఛ గృహస్థునకు నిజముగా దక్కును.