సీడీ ప్లేయరుకి సింహాసనమా?

రికార్డుల పిచ్చివారికి లోకంలో ఉన్నవి రెండే జాతులు. ముల్లు పెట్టి పాట వినేవారొకటి, తక్కినవారంతా ఒకటి. నల్లటి ఎల్పీని చంటిబిడ్డకి స్నానం చేయించినంత జాగ్రత్తగా తుడుస్తారు. సీడీ మాట ఎత్తితే మాత్రం పెదవి విరుస్తారు. విరవనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ విరుపు ఇంటి ఖర్చు మీదికి వచ్చినప్పుడు మాత్రం ఊరుకోకూడదంటాను.

ఎలా వస్తుందంటారా? ఎంతటి రికార్డు ప్రియుడికైనా ఏదో ఒకరోజు సీడీ ప్లేయరు అవసరం పడుతుంది. మన దేశంలో 1990ల తరవాత వచ్చిన పాటలు చాలామటుకు ఎల్పీలుగా రానేలేదు. క్యాసెట్లుగా, సీడీలుగా వచ్చాయి. ఆ కచేరీలూ కీర్తనలూ బీరువా అడుగున మూగనోము పట్టి కూర్చున్నాయి. సరే, చవకలో ఒక ప్లేయరు తెచ్చుకుందామని మనం అంటే, "రికార్డు విన్న చెవికి చవక సరుకు ఆనుతుందా? ఇది నీకు అర్థం కాదులే!" అని అరలక్ష ఖరీదు చేసే పెట్టె బొమ్మ చూపిస్తారు. అంత డబ్బు కూడేదాకా ఇంట్లో ఎవరూ ఆ పాటలు వినకూడదన్నమాట!

అర్థం కాకపోవడానికి ఇదేం బ్రహ్మవిద్య కాదమ్మా. రికార్డు ప్లేయరు విషయంలో డబ్బుకి విలువ ఉంది, ఒప్పుకుంటాను. అక్కడ ముల్లు గాడిలో రాసుకుంటూ నడుస్తుంది. మోటారు వణికితే ఆ వణుకు పాటలోకి వస్తుంది. పళ్ళెం నిలకడగా తిరక్కపోతే సన్నాయి ఏడుస్తుంది. అంచేత మంచి మోటారుకీ, మంచి ముల్లుకీ డబ్బు పెట్టాల్సిందే.

సీడీ కథ వేరు. అందులో పాట అంకెలుగా ఉంటుంది. ఎడమవైపుకీ కుడివైపుకీ విడివిడిగా, సెకనుకి 44,100 సార్లు కొలిచిన అంకెలు. లేజరు వెలుగు వాటిని తాకకుండానే చదువుతుంది. చిన్నచిన్న గీతలవల్ల పోయిన అంకెల్ని యంత్రమే లెక్కకట్టి పూరించుకుంటుంది. చదివినవాటిని క్షణంసేపు దాచుకుని, గడియారం కొట్టినట్టు సమంగా వదులుతుంది. కాబట్టి మోటారు తడబాటు పాటదాకా రాదు. 1982లో జపానులో మొదటి సీడీ ప్లేయరు అమ్మకానికి వచ్చినప్పుడు ఇది పెద్ద వింత. ఇప్పుడు మామూలు డీవీడీ ప్లేయరు కూడా చేసే పని. ఆ పనికి అరలక్ష దేనికి?

"మరి అదే పాట సీడీలో అంత బాగా లేదేం?" అని అడుగుతారు. చాలాసార్లు అది ప్లేయరు తప్పు కాదు, సీడీ తయారుచేసినవారిది. పాత పాటని సీడీకెక్కించేటప్పుడు, గట్టిగా మోగాలని కొందరు హెచ్చుతగ్గులన్నీ చదును చేసి పారేశారు. ఉప్పెక్కువైన పులుసుని వెండిగిన్నెలో పోస్తే ఉప్పు తగ్గుతుందా?

అంచేత ముందు అటక మీది పాత డీవీడీ ప్లేయరు దింపండి. దాని ఎరుపు, తెలుపు తీగల్ని యాంప్లిఫయరు వెనక ఆక్స్ అనో సీడీ అనో రాసున్నచోట పెట్టండి. ఫోనో అన్నచోట వద్దు సుమా! అది రికార్డు ముల్లునుంచి వచ్చే బలహీనమైన సంకేతంకోసం ఏర్పాటు చేసింది. అక్కడ పెడితే పాట బొంగురుపోయి చెవులు చిల్లులు పడతాయి.

అటక మీద ఏమీ లేకపోతే సెకండ్‌హాండ్ ప్లేయరు చూడండి. నిండా పాటలున్న సీడీ ఒకటి దుకాణానికి పట్టుకెళ్ళండి. రికార్డు అంచునుంచి లోపలికి పాడితే, సీడీ లోపలినుంచి అంచుకి పాడుతుంది. మొదటి పాట చక్కగా పలికి చివరి పాట దగ్గర తడబడే యంత్రాలున్నాయి. అందుకని చివరి పాట కూడా పెట్టించి వినండి. సీడీ పెట్టే సొరుగుని పదిసార్లు తెరిపించి మూయించండి. మొహమాటం దేనికి? వంకాయలు ఏరుకోవడానికి మొహమాటపడతామా?

మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టమనండి. రికార్డయినా సీడీ అయినా చివరికి పాడేవి అవే కదా! అప్పటికీ ఆ అరలక్ష పెట్టే కావాలని పట్టుబడితే కొనుక్కోనివ్వండి. ఇంటి పద్దుల పుస్తకంలో మాత్రం దాన్ని సంగీతం కింద రాయకండి. డాబు కింద రాయండి.