ర్యాంపు ఉందిగా!

వైజాగ్‌లో మా అన్నయ్య వీల్‌చెయిర్ బీచ్ ఇసుకలో కూరుకుపోతే అది ఫిజిక్స్, ఒప్పుకుంటా. రోడ్డు పక్క ర్యాంపు ఎక్కలేకపోతే మాత్రం ఒప్పుకోను. "ర్యాంపు ఉందిగా" అంటారు. ఉంది, జారుడుబల్లలా! వాలు 1:12 మించకూడదు. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకి కనీసం 180 సెంటీమీటర్ల ర్యాంపు. ఈ లెక్కకి సివిల్ బ్రాంచే అక్కర్లేదు కదా!

ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్‌లో దారులు ఇరుకంటే అర్థముంది, అది యుద్ధానికి కట్టింది. సిటీ బస్సుకి అంత ఎత్తు మెట్లెందుకు? బస్సులు కూడా అందరూ ఎక్కేలా ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. నలుగురం ఎత్తి ఎక్కిస్తే అన్నయ్య ప్రతిసారీ థాంక్స్ చెప్తాడు. బస్సెక్కడానికి మనమెవరికైనా థాంక్స్ చెప్తున్నామా?