నటుడి దర్శకత్వం వలస కాదు, వారసత్వం: ఒక అభిప్రాయ ఖండన

తెలుగు చలనచిత్ర విమర్శలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. పేరు ప్రతిష్ఠలు సంపాదించిన నటీనటులు దర్శకత్వానికి ఎందుకు పూనుకుంటారు? దీనికి వాడుకలో మూడు సమాధానాలున్నాయి. ఒకటి అహంకారం. రెండవది, నటుడిగా అవకాశాలు సన్నగిల్లడం. మూడవది, లాభం మొత్తం తనకే దక్కాలన్న ఆశ. ఈ మూడింటిలోనూ నటుడు తనది కాని పొలంలో అడుగుపెట్టిన పరాయివాడన్న భావన దాగి ఉంది. ఆ భావనే నిరాధారమైనది. దాని వలన తెలుగు చలనచిత్ర చరిత్రకు, అందులోనూ స్త్రీల కృషికి సంబంధించిన చరిత్రకు, చెప్పుకోదగిన అన్యాయం జరిగింది.

సూత్రధారుడి సంప్రదాయం

భారతీయ నాటక సంప్రదాయంలో ప్రదర్శనను నడిపేవాడు నటుడే. సంస్కృత నాటకంలో సూత్రధారుడు రంగం మీదికి వచ్చి నాటకాన్ని ప్రస్తావిస్తాడు, నటితో సంభాషిస్తాడు, బృందానికి పెద్దగా వ్యవహరిస్తాడు. కూచిపూడి కలాపంలోనూ సూత్రధారుడు తెర వెనుక దాగి ఉండడు. తాళం చేతబట్టి, పాత్రలతో మాటలు కలిపి, ప్రదర్శనను ప్రేక్షకుల కళ్ళెదుటే నడుపుతాడు. ఆధునిక తెలుగు రంగస్థలం కూడా ఈ తీరునే కొనసాగించింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాలు రచించారు, వాటిలో నటించారు, ప్రదర్శనలను తీర్చిదిద్దారు. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో పుట్టిన సురభి సమాజంలో నటన, నిర్వహణ ఒకే కుటుంబంలో పెనవేసుకుని సాగాయి. నటుడు వేరు, ప్రయోక్త వేరు అనే విభజన ఆ రంగస్థలానికి ముఖ్యమైనది కాదు.

ఆ విభజనను స్థిరపరచినది స్టూడియో. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు ఆధారం ధర్మవరం వారి నాటకం. నటించినవారిలో సురభి సమాజానికి చెందినవారు ఉన్నారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి మాత్రం చలనచిత్ర నిర్మాణ రంగం నుండి వచ్చినవారు. నాటకమూ నటులూ రంగస్థలానివి, నిర్ణయాధికారం స్టూడియోది. విభజన ఇక్కడ మొదలయింది. కనుక నటుడు దర్శకత్వంలోకి ఎందుకు వచ్చాడని కాక, నటుడి చేతి నుండి దర్శకత్వం ఎప్పుడు, ఎందుకు జారిపోయిందని అడగడం న్యాయం.

ముక్కలైన నటన

చలనచిత్రంలో నటన రంగస్థల నటన వంటిది కాదు. వేదిక మీద నటుడు ఒక పాత్రను మొదటి నుండి చివరి వరకు తానే మోస్తాడు. తెర నాటకం ముగిసిన తరువాతనే పడుతుంది. చిత్రీకరణలో ముగింపు ఘట్టం ముందుగానూ ప్రారంభ ఘట్టం చివరగానూ తీయవచ్చు. ఒకే మాటను పదిసార్లు చెప్పించి, వాటిలో ఏది ఉండాలో మరొకరు నిర్ణయిస్తారు. కన్నీరు ఎంతసేపు కనబడాలో కూర్పు బల్ల వద్ద తేలుతుంది. పాత్రను నిర్మించినది నటుడైనా ఆ పాత్రపై తుది మాట అతనిది కాదు. దర్శకత్వం చేపట్టే నటుడు కోరేది ఆ తుది మాటను. దీనిని అహంకారమనడం, తన కావ్యానికి తానే పాఠ పరిష్కారం చేసుకునే కవిని అహంకారి అనడం వంటిది.

ఎన్.టి. రామారావు ఉదాహరణ ఇక్కడ పరిశీలింపదగినది. తొలిసారి దర్శకత్వం వహించిన 'సీతారామ కల్యాణం' (1961)లో ఆయన ధరించినది రాముడి పాత్ర కాదు, రావణుడి పాత్ర. పైగా ఆ చిత్రంలో దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. అహంకారమే కారణమైతే పేరు దాచుకోవడం ఎలా పొసగుతుంది? 'శ్రీకృష్ణ పాండవీయం' (1966)లో కృష్ణుడితోపాటు దుర్యోధనుడిని, 'దానవీరశూరకర్ణ' (1977)లో కర్ణ, సుయోధన, కృష్ణ పాత్రలను ఆయనే పోషించారు. రాముడిగా, కృష్ణుడిగా ప్రజల మనసుల్లో స్థిరపడిన నటుడు తాను దర్శకుడైన ఈ చిత్రాల్లో ప్రతినాయకుల పక్షాన్ని కూడా వినిపించాలని పూనుకున్నాడు. ఇది పురాణ పాత్రలపై ఒక వ్యాఖ్యానం. ప్రబంధ కవులు పురాణ కథను తమ దృష్టితో తిరగరాసిన పనికి ఇది దగ్గరి చుట్టం. సాహిత్య విభాగాలు ప్రబంధంలోని వ్యాఖ్యానాన్ని పరిశోధనకు అర్హమని భావించి, తెరపై జరిగిన వ్యాఖ్యానాన్ని తారాబలపు ఆడంబరంగా కొట్టివేయడం సమంజసం కాదు.

అవకాశాలు తగ్గాయన్న వాదం

రెండవ సమాధానం కాలక్రమాన్ని చూస్తేనే వీగిపోతుంది. పి. భానుమతి 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీసినది 1953లో. అప్పటికి 'మల్లీశ్వరి' విడుదలై రెండేళ్ళే. నటిగా, గాయనిగా ఆమె ప్రతిష్ఠ అత్యున్నత స్థితిలో ఉంది. 'అత్తగారి కథలు' రాసిన కలమూ, చిత్రాన్ని నడిపిన చెయ్యీ ఒకరివే. కథ చెప్పడంలో ఆమెకున్న ఆసక్తిని విడిచి ఆమె దర్శకత్వాన్ని అర్థం చేసుకోవడం అసాధ్యం. రామారావు 1961లో దర్శకుడైనప్పుడు ఆయనకు వేషాల కొరత లేదు. ఎస్.వి. రంగారావు 'చదరంగం' (1967), 'బాంధవ్యాలు' (1968) చిత్రాలకు దర్శకత్వం వహించిన కాలంలో ఆయన తీరికలేని గుణచిత్ర నటుడు. గిరాకీ తగ్గి వచ్చినవారు వీరిలో ఎవరూ లేరు.

స్త్రీల విషయంలో ఈ వాదం మరింత లోపభూయిష్టమైనది. భానుమతి, సావిత్రి, విజయనిర్మల ఈ రంగంలో ముందు నడిచిన దర్శకురాళ్ళు. ముగ్గురూ నటీమణులే. ఇది యాదృచ్ఛికం కాదు. పురుషుడు సహాయ దర్శకుడిగా చేరి, కూర్పులోనో ఛాయాగ్రహణంలోనో పని నేర్చి, కొన్నేళ్ళకు దర్శకుడు కాగలిగేవాడు. స్త్రీకి ఆ దారి దాదాపు మూసి ఉండేది. ఆమెకు స్టూడియోలోకి తెరచి ఉన్న తలుపు నటన ఒక్కటే. సహాయ దర్శకత్వం ద్వారా ఎదిగిన నందినీరెడ్డి 'అలా మొదలైంది' (2011)తో దర్శకురాలు కావడానికి ఐదు దశాబ్దాలకు పైగా పట్టింది. నటీమణులు దర్శకత్వానికి ఎందుకు వచ్చారని ఆశ్చర్యపోయే విమర్శ, ఇతర స్త్రీలు ఎందుకు రాలేకపోయారని అడగకపోవడమే అసలు ఆశ్చర్యం.

సావిత్రికి జరిగిన అన్యాయం

సావిత్రి దర్శకత్వం గురించి ప్రచారంలో ఉన్న కథనం ఈ ద్వంద్వ నీతికి పరాకాష్ఠ. ఆమె చిత్రాలు తీసింది, నష్టపోయింది, పతనమైంది అన్న మూడు ముక్కలలో ఆ కథ ముగుస్తుంది. 1968లో ఆమె దర్శకత్వంలో వచ్చిన 'చిన్నారి పాపలు'లో ప్రధాన సాంకేతిక బాధ్యతల్లో పలు స్త్రీలకు అప్పగింపబడ్డాయి. సంగీతం పి. లీల సమకూర్చారు. స్త్రీలు ఇలా కూడి చిత్రాన్ని నిర్మించడం నాటి పరిశ్రమలో అపూర్వం. ఆ తరువాత సావిత్రి 'మాతృదేవత' (1969)లో రామారావును నడిపించింది, 'ప్రాప్తం' (1971)లో తమిళ ప్రేక్షకుల ముందు శివాజీ గణేశన్‌ను నిలిపింది. ఎల్.వి. ప్రసాద్ వద్ద 'మిస్సమ్మ', కె.వి. రెడ్డి వద్ద 'మాయాబజార్', ఆదుర్తి సుబ్బారావు వద్ద 'మూగమనసులు' చేసిన నటికి ఆ సెట్లే పాఠశాలలు. అంతటి శిక్షణ పొందిన వ్యక్తి కెమెరా వెనుకకు వెళ్ళడాన్ని అవివేకమని ఎందుకు అనాలి?

పెద్ద తారలైన పురుషులు తీసిన చిత్రాలూ ఆడనివి ఉన్నాయి. రామారావు 'బ్రహ్మర్షి విశ్వామిత్ర' (1991) ఆశించిన ఆదరణ పొందలేదు. దానిని విమర్శకులు కాలం మారిన ఫలితంగా వివరిస్తారు. సావిత్రి నష్టాన్ని మాత్రం ఆమె స్వభావ దోషంగా వివరిస్తారు. పురుషుడి వైఫల్యం వృత్తికి చెందినది, స్త్రీ వైఫల్యం వ్యక్తిత్వానికి చెందినది అన్న ఈ కొలబద్ద విమర్శ కాదు, లోకప్రవాదం. ఆమె జీవితంలోని విషాదం ఆమె చిత్రాలను చూడకుండా ఉండటానికి సాకుగా మారింది. ఘట్ట విభజన, నటుల నిర్వహణ, పిల్లల చేత చేయించిన నటన వంటి అంశాలపై ఆ చిత్రాలను పరిశీలించడం పరిశోధకుల ముందున్న పని.

ఎదుటి వాదంలోని సత్యం

ఎదుటి పక్షంలో సత్యం లేదనలేము. తార తానే దర్శకుడైనప్పుడు సెట్లో కాదనగలవారు కరవవుతారు. కెమెరా తన ముఖం వద్ద అవసరానికి మించి నిలిచిపోతుంది, సంభాషణలు పెరుగుతాయి, నిడివి అదుపు తప్పుతుంది. దాదాపు నాలుగు గంటల 'దానవీరశూరకర్ణ' ఘనవిజయం సాధించినా, ఆ నిడివిని మోయగల శక్తి ప్రతి తారకూ ఉండదు. లాభాపేక్ష కూడా కల్పన కాదు. అయితే ఈ దోషాలు అధికారానివి, నటనవి కావు. మాట చెల్లే పెద్ద నిర్మాతలోనూ, ఎదురులేని దర్శకుడిలోనూ ఇవే దోషాలు కనిపిస్తాయి. పైగా తాను తెరపై కనిపించకుండానో, చిన్న పాత్రకు పరిమితమయ్యో చిత్రాన్ని నడిపిన నటులూ ఉన్నారు. తనికెళ్ళ భరణి 'మిథునం' (2012)లో ఇద్దరు వృద్ధుల మధ్య కథను నిలిపారు. రాహుల్ రవీంద్రన్ తొలిసారి దర్శకత్వం వహించిన 'చి.ల.సౌ.' (2018) స్వతంత్ర చిత్రానువాద రచనకు జాతీయ పురస్కారం అందుకొంది. వీటిని అహంకారమన్న ఒకే పదం వివరించలేదు.

ముగింపు

ఎల్.వి. ప్రసాద్ తొలి టాకీల్లో చిన్న వేషాలు వేసి తరువాత గొప్ప దర్శకుడైనప్పుడు, ఆయన ఎందుకు వచ్చాడని ఎవరూ అడగలేదు. ఆయన తార కాడు గనుక ఆ మార్పు సహజమనిపించింది. కూచిపూడి నుండి వచ్చిన వేదాంతం రాఘవయ్య 'దేవదాసు' (1953) తీసినప్పుడూ ఎవరికీ సందేహం కలుగలేదు. కనుక ప్రశ్న నటన గురించినది కాదు, కీర్తి గురించినది. స్త్రీ విషయంలో అది కీర్తితోపాటు ఆమెకు గల అర్హతను గురించినది కూడా. విజయనిర్మల 44 చిత్రాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ గ్రంథంలో స్థానం పొందారు. యద్దనపూడి సులోచనారాణి నవలను 'మీనా' (1973)గా తెరకెక్కించినది ఆమె. నవలాధ్యయనంలో యద్దనపూడికి చోటిచ్చిన విశ్వవిద్యాలయాలు ఆ నవలను దృశ్యంగా మలచిన దర్శకురాలికి ఒక అధ్యాయమైనా కేటాయించవలసి ఉంది. అంకెను గిన్నిస్ లెక్కించింది. ఆ అంకె వెనుక ఉన్న పనిని చదవడం విమర్శ బాధ్యత. ఆ బాధ్యత నెరవేరేవరకు, నటులు దర్శకత్వంలోకి ఎందుకు వచ్చారని అడిగే అర్హత విమర్శకు లేదు.