నైట్ డ్యూటీ - పరుగు పందెం

ప్రశ్న: నా వయస్సు 24. స్టాఫ్ నర్సును. 800 మీటర్ల పరుగులో రాష్ట్రస్థాయి పోటీలకు వెళుతుంటాను. వారానికి నాలుగు నైట్ డ్యూటీలు. తెల్లవారి డ్యూటీ దిగి, ఒక టీ తాగి నేరుగా గ్రౌండుకు పోతాను. ఆరు నెలల్లో 52 కిలోల నుంచి 46కి తగ్గాను. నాలుగు నెలలుగా బహిష్టు కావటం లేదు. పరుగెత్తేవాళ్లకు ఇది మామూలేనని తోటివారంటారు. కుడి మోకాలి కింద ఎముక మీద ఒకచోట నొక్కితే నొప్పి. నెలన్నరలో పోటీలున్నాయి. ఉద్యోగమో, పరుగో ఒకటి మానుకోమంటున్నారు ఇంట్లో. ఏం చేయను?
- ఒక సోదరి, ఏలూరు

జవాబు: మామూలు కాదమ్మా. చేసే శ్రమకు తగిన తిండి లేనప్పుడు శరీరం ముందుగా ఆపేసేది బహిష్టునే. దానితోపాటు ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక బలం పోతుంది. మీ కాలినొప్పికీ దీనికీ సంబంధం ఉందని నా అనుమానం.

పరుగు ఈ రోజే ఆపండి. ఈసారి పోటీలు వదులుకోక తప్పదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా ధైర్యపడవద్దు. సన్నని పగులు అందులో దొరకకపోవచ్చు, ఎమ్మారై అవసరం కావచ్చు. గర్భం లేదని తేల్చుకుని థైరాయిడ్, ప్రొలాక్టిన్, హెమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించుకోండి. హెమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే టీతో మాత్రం మింగవద్దు.

ఇక రెండూ సాగుతాయా అంటే, సాగించినవారున్నారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ టి. ఆవో అప్పటికి కలకత్తాలో వైద్య విద్యార్థి. రోజర్ బానిస్టర్ 1954 మే 6న పొద్దున లండన్‌లో తన ఆస్పత్రికి వెళ్లి, సాయంత్రం ఆక్స్‌ఫర్డ్‌లో మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. మధ్యాహ్న భోజన విరామంలో సాధన చేసేవాడాయన. అయితే వారంలో నాలుగు రాత్రులు వార్డు కాసే నర్సు సంగతి వేరు. (మగవారి కథలు చెప్పి ఆడవారిని ఉత్సాహపరచడం తేలికే!)

కాలు నయమయ్యాక డ్యూటీ దిగగానే గ్రౌండుకు పోవద్దు. ఇంటికి వెళ్లి, తిని, గది చీకటి చేసుకుని ఆరేడు గంటలు నిద్రపోండి. సాధన సాయంత్రం. ఆ వారం తేలికపాటి పరుగే చాలు. గట్టి సాధన డే డ్యూటీ వారానికి ఉంచుకోండి. పోటీకి ముందు పది రోజులు నైట్లు లేకుండా మేట్రన్ గారిని ముందే అడగండి. అర్ధరాత్రి డ్యూటీలో టీ బిస్కట్లతో సరిపెట్టక పెరుగన్నం, గుడ్లు, వేరుశెనగలు తీసుకెళ్లండి. పోయిన కిలోలు తిరిగి రావాలి.

ఆస్పత్రిలో ఉన్నారు కనుక ఇంకొకటి. నీరసంగా ఉందంటే తోటివారు ఒక సెలైన్ పెట్టేస్తారు. వైద్యావసరంతో ఆస్పత్రిలో చికిత్సగా తీసుకుంటే తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు మించి నరానికి ఎక్కించుకోవడం డోపింగు నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఆ సీసాలో ఉన్నది ఉత్త ఉప్పునీరైనా సరే.